అట్ట మీది బొమ్మకు నోరుండదు

ఒక బొమ్మకు ఎన్ని అర్థాలుంటాయి? గీసినవాడు అనుకున్నది ఒక్కటేనా? చూసినవాళ్లు ఎన్ని తీస్తే అన్నా? చూసినవాడు తీసిన అర్థం గీసినవాడికే తెలియకపోతే ఆ అర్థం ఎవరిది? దానికి ఎవరు జవాబు చెప్పాలి?

ఇవి కళాప్రియులు తీరిగ్గా మాట్లాడుకునే ప్రశ్నల్లా ఉంటాయి. కానీ గడ్డం పెంచుకున్నవాడికి, బురఖా వేసుకున్న ఆమెకు, ఆటో అద్దం మీద 786 అంటించుకున్నవాడికి ఇవి తీరిక ప్రశ్నలు కావు. బజారులో, బస్సులో, కిరాయి ఇల్లు అడగబోయిన గుమ్మం ముందర రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. అందుకే వీటిని ముందుగా మనకు ఏ సంబంధమూ లేని చోట పెట్టి చూద్దాం. ఒక ఇంగ్లీషు పాటల బృందం, దాని రికార్డు అట్ట. ముస్లిం అస్తిత్వం గురించిన పుస్తకంలో బీటిల్స్ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. మన కోపాలూ భయాలూ లేనిచోట విషయం కొంచెం తేటగా కనిపిస్తుంది, అందుకు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారిలో ఒకప్పుడు బస్టాండ్ల దగ్గర క్యాసెట్ల కొట్లు ఉండేవి. చదువు రానివాళ్లు కూడా అట్ట చూసి క్యాసెట్టు అడిగేవాళ్లు. రాముడి బొమ్మ ఉంటే రామదాసు కీర్తనలు, దర్గా గుమ్మటం ఉంటే ఖవ్వాలీ, పిడికిలి ఉంటే విప్లవ గీతాలు. అట్ట చేయాల్సిన పని అదే. లోపల ఏముందో పైన చెప్పడం. అయితే ఈ అడవి అంచు ఊళ్లలో ఆ అట్టల్ని ఇంకో రకంగా చదివేవాళ్లు కూడా ఉండేవాళ్లు. సోదాకొచ్చినవాడి చేతిలో పడితే ఎర్ర అట్ట పాటల గుర్తుగా ఉండేది కాదు, మనిషి గుర్తయిపోయేది. ఎవరింట్లో దొరికితే వాళ్లు అన్నల మనుషులు. పాట బాగుందని కొన్నవాడూ, పక్కింటివాడు ఇచ్చిపోతే అటక మీద పెట్టినవాడూ అందరూ ఒకటే. బొమ్మ మీది నుంచి మనిషి మీదికి దూకడం ఎంత సులువో ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అది మనసులో పెట్టుకుని లండన్ పోదాం.

బీటిల్స్ అనే నలుగురి బృందం ‘అబీ రోడ్’ అనే ఆల్బం చేసింది. 1969 సెప్టెంబరు 26న విడుదలైంది. ముందు అట్ట మీద బృందం పేరు లేదు, ఆల్బం పేరు లేదు. నలుగురు మనుషులు రోడ్డు మీది తెల్ల గీతల మీద ఒకరి వెనక ఒకరు నడిచిపోతుంటారు, అంతే. ఆగస్టు 8న ఇయాన్ మెక్‌మిలన్ అనే ఫొటోగ్రాఫరు రోడ్డు మధ్యన నిచ్చెన వేసుకుని ఆరు ఫొటోలు తీశాడు. ఒక పోలీసు బండ్లను ఆపి పెట్టాడు. పది నిమిషాల పని. ఆ ఆరింటిలో ఒకటి అట్టకెక్కింది.

విడుదలైన కొద్దిరోజులకే అమెరికా కాలేజీల్లో ఒక పుకారు అంటుకుంది. బృందంలోని పాల్ మెకార్ట్నీ 1966లోనే కారు ప్రమాదంలో చనిపోయాడట. అతని పోలికలున్న వేరొకణ్ని తెచ్చి నిలబెట్టారట. మనసు ఊరుకోక మిగతా ముగ్గురూ రికార్డు అట్టల మీద గుట్టుగా ఆనవాళ్లు వదులుతున్నారట. అక్టోబరు 12న డెట్రాయిట్‌లోని ఒక రేడియో స్టేషనుకు ఒకతను ఫోన్ చేసి ఈ సంగతి ఎత్తాడు. రెండు రోజులకు మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థి పత్రికలో ఫ్రెడ్ లాబోర్ అనే కుర్రాడు ఆనవాళ్లన్నీ వరసగా రాసి అచ్చేశాడు. ఇక దేశమంతా అట్టల్ని భూతద్దాలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

ఏం చదివారు? తెల్లబట్టలు వేసుకున్న జాన్ లెనన్ మతగురువు. నల్ల సూటు వేసుకున్న రింగో స్టార్ శవాన్ని సాగనంపేవాడు. ముతక నీలం బట్టల జార్జ్ హారిసన్ గోతులు తవ్వేవాడు. కాళ్లకు చెప్పుల్లేని పాల్ శవం. మిగతా ముగ్గురి అడుగు ఒకటైతే పాల్ అడుగు వేరు. ఎడమచేతివాటం మనిషి సిగరెట్టు కుడిచేత్తో పట్టుకున్నాడు. వెనకాల ఆగి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరు చివర ‘28ఐఎఫ్’ అని ఉంది. ఇంగ్లీషులో ఆ రెండక్షరాలకు ‘ఒకవేళ’ అని అర్థం వస్తుంది. ఒకవేళ బతికుంటే పాల్‌కు ఇరవై ఎనిమిదేళ్లని దాని అర్థమట. రోడ్డు దాటుతున్న నలుగురి ఫొటో అట్లా శవయాత్ర అయి కూర్చుంది.

ఈ చదువుకు మూడు సూత్రాలున్నాయి. వాటిని జాగ్రత్తగా గుర్తు పెట్టుకోవాలి.

మొదటిది, ఏదీ ఊరికే ఉండదు. ఆ రోజు ఎండగా ఉందని చెప్పులు విడిచానని పాల్ చెప్పాడు. ఆ ఆరు ఫొటోల్లో మొదటి రెంటిలో అతని కాళ్లకు చెప్పులు ఉన్నాయి కూడా. ఆ రెంటిలో ఒకటి అట్టకెక్కి ఉంటే అప్పుడు చెప్పులు ఆనవాలయ్యేవి. చెప్పులున్నా రుజువే, లేకున్నా రుజువే అయినప్పుడు దేనికి రుజువు? అన్నిటినీ రుజువు చేసేది దేన్నీ రుజువు చేయదు.

రెండోది, లెక్క కుదరకపోతే లెక్కనే మారుస్తారు. పాల్ 1942 జూన్ 18న పుట్టాడు. ఆల్బం వచ్చేనాటికి అతనికి ఇరవై ఏడు. మరి ఇరవై ఎనిమిది ఎట్లా? తూర్పు దేశాల్లో తల్లి కడుపులో ఉన్న కాలం కూడా కలుపుతారులే అన్నారు. అంతకుముందే తేల్చుకున్న తీర్పు కదలదు. సాక్ష్యమే దాని చుట్టూ తిరుగుతుంది.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. కాదంటే అవునన్నట్టే. ‘లైఫ్’ పత్రికవాళ్లు స్కాట్లండ్‌లో పాల్ పొలం దాకా పోయి మాట్లాడి, ఫొటోలు తీసి, 1969 నవంబరు 7 సంచికలో వేశారు. బతికే ఉన్నానని మనిషి స్వయంగా చెప్పాడు. నమ్మినవాళ్లు ఏమన్నారు? దొంగ పాల్ కాకపోతే ఇంకేం చెబుతాడన్నారు. ఆ పత్రిక అట్టను వెలుతురుకు పట్టి చూస్తే వెనక అచ్చయిన కారు ప్రకటన అతని ఒంటి మీదుగా కనబడుతుందని, అదీ ఆనవాలేనన్నారు. ఆ రోజుల్లోనే ఒక టీవీ కార్యక్రమంలో ఉత్తుత్తి కోర్టు పెట్టి పేరుమోసిన లాయరు ఎఫ్. లీ బెయిలీ చేత సాక్షుల్ని విచారింపజేశారు. ఇందులో చాలా మటుకు తాను కల్పించిందేనని లాయరుకు ముందే చెప్పేశానని లాబోర్ తర్వాత చెప్పుకొచ్చాడు. గంటసేపు కార్యక్రమం నడవాలి కదా, నువ్వూ కలిసిరా అన్నాడట ఆయన. అల్లినవాడే అల్లానన్నా వినేవాడు లేడు. అందరికీ గంట గడవాలి.

ఇంత జరిగినా పాల్‌కు ఏం పోయింది? ఏమీ పోలేదు. రికార్డులు ఇంకా ఎక్కువ అమ్ముడుపోయాయి. ఎవరూ అతని ఇంటి తలుపు తన్నలేదు. కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. అది ఆట. ఆ ఆటను నేను తప్పు పట్టను. బొమ్మ ముందు కూర్చుని ఊహలల్లడం మనిషికి ఇష్టమైన పని. అట్ట మీది పాల్ అచ్చు బొమ్మ. దానికి నోరు లేదు కాబట్టి మనం మాట్లాడిస్తాం. ఆ బొమ్మ మీద అలవాటైన చూపును నోరున్న మనిషి మీదికి తిప్పినప్పుడే చిక్కు మొదలవుతుంది. అతను జవాబు చెప్పగలడని తెలిసి కూడా అడగకుండా చదివేసినప్పుడు అది ఆట కాదు, అన్యాయం.

ఈ అట్టల కథల్లో మన దేశం కూడా ఉంది. 1967లో ఇదే బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బం అట్ట కోసం ప్రసిద్ధుల అట్టబొమ్మలు గుంపుగా నిలబెట్టి ఫొటో తీయించారు. ఆ గుంపులో గాంధీ కూడా ఉన్నాడు. తీరా అచ్చయ్యేసరికి ఆయన లేడు. ఇండియాలో నొచ్చుకుంటారేమో, అమ్మకాలు దెబ్బతింటాయేమోనని కంపెనీ పెద్దలు తీయించేశారు. మనం నొచ్చుకుంటామని మనకంటే ముందే తేల్చేశారన్న మాట. అదే ఏడాది డిసెంబరులో జిమి హెండ్రిక్స్ బృందం ‘ఆక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ వచ్చింది. దాని అట్ట మీద మన క్యాలెండర్లలో కనిపించే విష్ణువు విశ్వరూపం. దాంట్లో హెండ్రిక్స్ మొహం, అతని ఇద్దరు సహచరుల మొహాలు అతికించారు. హెండ్రిక్స్ పూర్వీకుల్లో చెరోకీ జాతివాళ్లున్నారు. తనకు సంబంధించిన ఇండియన్లు అమెరికా ఆదివాసులు గానీ ఈ దేశంవాళ్లు కాదని అతను నొచ్చుకున్నాడు. నల్లవాడి పాటకు, చెరోకీ రక్తానికి, హిందూ దేవుడి బొమ్మ! ఎవరూ కీడు తలపెట్టలేదు. కాకపోతే ఎవరూ అడగనూ లేదు. అడక్కుండా అంటించిన గుర్తు ప్రేమతో అంటించినా పరాయిదే.

ఇప్పుడు మన వాడకట్టుకు వద్దాం.

ఉర్సుకు దర్గా మీద పచ్చ జెండా ఎగరేస్తారు. దాని మీద నెలవంక ఉంటుంది. దారిన పోయేవాడు చూసి పాకిస్తాన్ జెండా అంటాడు. పాకిస్తాన్ జెండా పుట్టింది 1947 ఆగస్టులో. దర్గాల మీద పచ్చ జెండాలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఎగురుతున్నాయి. పైగా ఆ దేశం జెండాలో కర్ర వైపు ఒక తెల్ల పట్టీ ఉంటుంది. అది అక్కడి మైనారిటీల గుర్తని వాళ్లు చెప్పుకుంటారు. ఇక్కడి మైనారిటీ జెండా చూసి కంగారు పడేవాడికి ఆ పట్టీ ఉందో లేదో చూసే ఓపిక ఉండదు. నెలవంక టర్కీ ఎర్రజెండా మీదా ఉంది, శివుడి తల మీదా ఉంది. కానీ మా జెండా మీద ఉంటే అది ఊరికే ఉండదు. ఇది మొదటి సూత్రం.

786 సంగతి చూడండి. ఇందులో నిజంగానే దాగిన అర్థం ఉంది. అరబీ అక్షరాలకు అంకెల విలువలు కట్టే అబ్జద్ అనే పద్ధతి ఒకటుంది. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలన్నీ కూడితే 786 వస్తుంది. దైవనామం రాసిన కాగితం కాళ్లకింద పడకూడదని దాని బదులు అంకె రాసుకోవడం అలవాటైంది. దీన్ని ఒప్పుకోని ఉలమాలు కూడా ఉన్నారు. 1975లో ‘దీవార్’లోనూ 1983లో ‘కూలీ’లోనూ అమితాబ్ బచ్చన్ బిళ్ల మీద ఇదే అంకె ఉంటే దేశమంతా హాల్లో ఈలలు వేసింది. తెర మీద అది హీరోను కాపాడే బిళ్ల. అదే అంకె ఆటో అద్దం మీద కనిపిస్తే ఎక్కబోయినవాడు ఒక్క క్షణం ఆగుతాడు. అంకె మారలేదు, అర్థం మారలేదు. చూసేవాడి లెక్క మారింది. ఇది రెండో సూత్రం.

ఇక మూడోది రుచి చూడని ముస్లిం ఎవరు? క్రికెట్‌లో ఇండియా గెలిస్తే చప్పట్లు కొట్టావా, నటిస్తున్నావు. కొట్టలేదా, దొరికిపోయావు. ఎక్కడో బాంబు పేలితే ఖండించావా, పైకి అంటున్నావు. ఊరుకున్నావా, లోపల సంతోషం. పాల్‌కు వచ్చిన కష్టమే ఇది. కాకపోతే పాల్ కోసం పత్రికలవాళ్లు స్కాట్లండ్ దాకా వెళ్లారు. మా దగ్గరికి ఎవరొస్తారు? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లే చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు ముస్లిం యువకుల్నే పట్టుకుపోయారు. కేసులు కోర్టుల్లో నిలబడలేదు. చివరికి సర్కారు వాళ్లకు పరిహారంతో పాటు మంచి నడవడి ఉన్నవాళ్లని పత్రాలు కూడా ఇచ్చింది. నేరం చేయని మనిషి నేరం చేయలేదని కాగితం జేబులో పెట్టుకుని తిరగాలి! పాల్‌కు పత్రిక అట్ట మీద ఫొటో, మనవాళ్లకు సత్ప్రవర్తన పత్రం.

ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన దీర్ఘకవితకు ‘పుట్టుమచ్చ’ అని పేరు పెట్టాడు. ఆ ఒక్క మాటలో ఈ గొడవంతా ఉంది. పుట్టుమచ్చ ఎవరూ గీసిన బొమ్మ కాదు. దాని వెనక ఏ ఉద్దేశమూ లేదు. ఉన్నవాడు దాన్ని చూసుకోనైనా చూసుకోడు. అయినా పక్కవాడు ఆనవాలుగా చదువుతూనే ఉంటాడు.

ఇదంతా ఎదుటివాళ్ల మీద నేరం మోపడానికి రాస్తున్నానని అనుకోవద్దు. ఈ చదువు మనకూ వచ్చు. 1997లో నైకీ కంపెనీ బూట్ల మీద మంటల ఆకారంలో రాసిన ‘ఎయిర్’ అనే ఇంగ్లీషు మాట అరబీలో అల్లా పేరులా కనిపిస్తున్నదని అమెరికా ముస్లింలు అభ్యంతరం చెప్పారు. కంపెనీ క్షమాపణ చెప్పి 38 వేల జతలు వెనక్కి తీసుకుంది. బాధ నిజమే కావచ్చు. అడిగారు, కంపెనీ జవాబు చెప్పింది, అక్కడితో ముగిసింది. 2000లో ఈజిప్టులో వచ్చిన గొడవ అట్లా కాదు. కోకాకోలా పేరును అద్దంలో తిప్పి చూస్తే అరబీలో ప్రవక్తకూ మక్కాకూ వ్యతిరేకమైన మాటలు కనబడుతున్నాయన్నారు. ఆ రాత 1886లో అట్లాంటాలో ఒక లెక్కల గుమాస్తా చేత్తో రాసింది. ఇంగ్లీషులో, ఎడమ నుంచి కుడికి. దాన్ని తిరగేసి, అద్దంలో పెట్టి, వేరే భాషలో చదివితే గానీ దొరకని నేరం అది. చివరికి ఈజిప్టు ముఫ్తీ నస్ర్ ఫరీద్ వాసిల్ అందులో ఇస్లాంకు విరుద్ధమైనది ఏదీ లేదని తేల్చి చెప్పాల్సి వచ్చింది. ఎంత మంది మనవాళ్లు అంతకుముందే నమ్మేశారో! అద్దం మనచేతిలో ఉన్నప్పుడు మనమూ అదే పని చేస్తాం.

మన దీన్‌లో దీనికి మందు లేదా? ఉంది. ఉసామా బిన్ జైద్ కథ మౌల్వీలు చెప్పగా విన్నవాళ్లే మనలో చాలామంది. యుద్ధంలో చేతికి చిక్కిన మనిషి కలిమా చదివాడు. కత్తికి భయపడి చదివాడనుకుని ఉసామా చంపేశాడు. ప్రవక్త ఆ మాట ఒప్పుకోలేదు. అతని గుండెలో ఏముందో నీకెట్లా తెలిసిందని మళ్లీ మళ్లీ నిలదీశారు. ఉసామా ప్రవక్తకు ఎంతో ప్రియమైనవాడు. అయినా వదల్లేదు. మనిషి నోటితో చెప్పినదాన్ని పక్కనపెట్టి లోపలిది నేను చదివానన్నవాడికి ఆ నిలదీత తప్పలేదు. హుజురాత్ సూరా అనుమానాన్నీ గూఢచారితనాన్నీ కలిపి నిషేధించింది. రెండూ ఒకే జబ్బు కాబట్టి.

అట్లాగని గుర్తుల్ని చదవనే కూడదా? గుర్తులన్నీ ఉత్తవేనా? కాదు. మంచి చదువు ఎట్లా ఉంటుందో చూడాలంటే లండన్ పోనక్కర్లేదు. మన అడవిలోకి రెండడుగులు వేస్తే చాలు.

ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంటున్న ఈ అడవుల్లోని కోయవాళ్లకు పడిగెలు ఉన్నాయి. పడిగె అంటే మూడంచుల గుడ్డ జెండా. దాని మీద మనుషులు, జంతువులు, వేల్పులు బొమ్మలుగా ఉంటాయి. ఊరికే చూస్తే అందమైన గుడ్డ. కానీ అందులో ఒక గట్టు పుట్టుక, దాని పెద్దలు, వాళ్లు నడిచొచ్చిన దారి, చేసిన యుద్ధాలు అన్నీ ఉన్నాయి. కొలుపు నాడు డోలివాళ్లు ఆ పడిగె ముందు నిలబడి వాయిస్తూ కథ పాడతారు. పాట లేకుండా బొమ్మ పూర్తి కాదు, బొమ్మ లేకుండా పాట పూర్తి కాదు. అడవి చేసుకున్న ఆల్బం అది. మణుగూరు మండలానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన పోయాడు. అట్లాంటి ఒక్క మనిషి పోతే ఎన్ని బొమ్మలు మూగవైపోతాయో ఆలోచించండి.

పడిగెలోనూ దాగిన అర్థాలే ఉన్నాయి. మరి అబీ రోడ్డు చదువుకూ దీనికీ తేడా ఏమిటి? పడిగెను చదివేవాడికి పేరుంది, ఊరుంది. ఎవరి కథ పాడుతున్నాడో ఆ గట్టువాళ్లే ఎదురుగా కూర్చుని వింటుంటారు. తప్పు పాడితే అక్కడే చెబుతారు. చదివేవాడు చదవబడేవాళ్లకు జవాబుదారీ. ఉత్త ఊహకూ చదువుకూ మధ్య నేను గీసే గీత అదొక్కటే.

ఖమ్మం పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. పీరు మీద చెయ్యి ఆకారం ఉంటుంది. పంజా. ఐదు వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అని కొందరు చెబుతారు. కర్బలాలో తెగిపడిన అబ్బాస్ చెయ్యి అని ఇంకొందరు చెబుతారు. మొక్కుకుని దట్టీ కట్టే రైతుకు ఈ రెండూ తెలియకపోవచ్చు. అతనికది దీవించే చెయ్యి. ఒక గుర్తుకు మూడు అర్థాలు. ఊదు పొగలో మూడూ కలిసే ఉన్నాయి. ఎవరూ ఎవరి అర్థాన్నీ పట్టుకుని అవతలివాడి మీద కేసు కట్టలేదు. గుర్తుకు అర్థాలు ఎన్నయినా ఉండొచ్చు. ఆ అర్థంతో ఎదుటివాడి మెడకు ఉరి పేననంతవరకూ పేచీ లేదు.

ఇక భద్రాచలం. ఇక్కడ నా మాట సెక్యులర్ మిత్రులతో. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారై, సర్కారు సొమ్ముతో గుడి కట్టి, గోల్కొండ చెరసాల్లో పన్నెండేళ్లు ఉన్నాడన్నది అందరికీ తెలిసిన కథ. చెరలో పెట్టినవాడు అబుల్ హసన్ తానీషా. రాముడూ లక్ష్మణుడూ వచ్చి బాకీ తీర్చి అతనికి దర్శనమిచ్చారంటారు. శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని తానీషాతోనే మొదలైందని చెబుతారు. గోపన్నకు రామమంత్రం ఇచ్చింది కబీరని కూడా అంటారు. కబీరు పదిహేనో శతాబ్దపు మనిషి, గోపన్న పదిహేడో శతాబ్దపు మనిషి. అయినా ఆ కథ నిలిచింది. 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమాలో అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా కనిపించాడు, నాజర్ తానీషాగా కనిపించాడు.

ఆ ముత్యాల్ని ఒకరు హింసించిన తురక రాజు కట్టిన పరిహారంగా చదువుతారు. సెక్యులర్ మిత్రులు మతసామరస్యానికి గుర్తుగా చదువుతారు. రెండో చదువు నాకు ఇష్టమే. ఈ ప్రాంతపు ముస్లింగా ఆ ముత్యాలంటే నాకూ మమకారం ఉంది. కానీ సామరస్య సభల్లో ఆ ముత్యాల్ని ఎత్తి చూపిస్తున్నప్పుడు ఒక సంగతి మనసులో పొడుస్తుంది. మేం మీకు ఎప్పుడూ ఏదో ఒకదాని గుర్తుగానే కనిపిస్తాం. వాళ్లకు ప్రమాదానికి గుర్తు, మీకు సామరస్యానికి గుర్తు. వాళ్లు మా గడ్డంలో పాకిస్తాన్ వెతుకుతారు, మీరు మా గడ్డంలో కబీరును వెతుకుతారు. మీరు వెతికేది మంచిదే. దొరక్కపోతే? కబీరులా లేని, గజల్ రాని, బిర్యానీ పెట్టలేని, ఐదుపూటలా నమాజు చేసుకుని కోపంగా ఉండే ఒక మామూలు సాయిబు ఎదురైతే ఏం చేస్తారు? అతను మీ అట్ట మీద ఇమడడు. అతనికి మీ సభలో కుర్చీ ఉంటుందా?

తానీషానే తీసుకోండి. 1672లో గద్దెనెక్కాడు. అక్కన్న మాదన్నల్ని నమ్మి రాజ్యం నడిపాడు. గోపన్నను ఖైదు చేశాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకుని అతన్నే ఖైదు చేశాడు. దౌలతాబాదు కోటలో బందీగానే పోయాడు. బ్రాహ్మణ మంత్రుల్ని పెట్టుకున్నవాడు, బ్రాహ్మణ తహసీల్దారును చెరలో పెట్టినవాడు, ముస్లిం పాదుషా చేతిలో ఓడిన ముస్లిం రాజు. ఏ ఒక్క గుర్తులో ఇతను పడతాడు? మనిషిని పూర్తిగా చూస్తే గుర్తు పగిలిపోతుంది. అందుకే పూర్తిగా చూడటానికి ఎవరికీ ఇష్టం ఉండదు.

కాబట్టి గుర్తుల్ని చదివేవాళ్లందరికీ, ముస్లింలతో సహా, మూడు ప్రశ్నలు పెడుతున్నాను. నీ చదువు తప్పని తేలాలంటే ఏం జరగాలి? ఏం జరిగినా తప్పని తేలదంటే నువ్వు చదవడం లేదు, ముందే రాసుకొచ్చావు. చదవబడుతున్నవాణ్ని అడిగావా? అడిగాక అతను చెప్పింది నమ్మడానికి సిద్ధపడ్డావా? చదువు తప్పయితే నష్టం ఎవరికి? నీకైతే ఆడుకో. అతనికైతే ఆగు.

అబీ రోడ్డు అట్ట మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నవాడు శవం కాదు, ఎండకు చెప్పులు విడిచినవాడు. ఈ సంగతి అప్పుడే అతణ్ని అడిగి తెలుసుకోగలిగారు. అడిగినా నమ్మనివాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో నాకు మాటల్లేవు. అడగనే అడగనివాళ్లతోనే నా మాటంతా. మా దర్గా ముందాగి ఆ జెండా ఏమిటని ముజావరును అడగండి. ఆటో ఎక్కి 786 అంటే ఏమిటని నడిపేవాణ్ని అడగండి. అతనికి సరిగ్గా తెలియకపోవచ్చు. మా నాయన అంటించేవాడు, నేనూ అంటించానని చెప్పొచ్చు. అదే అర్థమని ఒప్పుకోండి. అట్ట మీది బొమ్మకు నోరుండదు. మాకుంది.